పెట్టె మీద డేవిడ్ సూషే, డిస్కులో ఇంకెవరో: డిటెక్టివ్ సీరియళ్ళు కొనేవాళ్ళకు హెచ్చరిక

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల పాత ఇంగ్లీషు డిటెక్టివ్ సీరియళ్ళ డీవీడీ సెట్ల కోసం వెతుకుతున్నవాళ్ళు ఇది చదివాకే డబ్బు పంపండి. బీసెంట్ రోడ్డుకు దగ్గర్లో ఒక కాంప్లెక్సు మొదటి అంతస్తులో కూర్చుని, వాట్సాప్ గ్రూపుల్లో ఫోటోలు పెట్టి, "ఇంపోర్టెడ్, ఒరిజినల్, కంప్లీట్ సెట్" అంటూ అమ్మే ఒకాయన దగ్గర మూడు సెట్లు కలిపి 6,500 రూపాయలకు తీసుకున్నాను. అగాథా క్రిస్టీ నవలల్లోని డిటెక్టివ్ పాయిరోగా డేవిడ్ సూషే, ఆవిడే సృష్టించిన ముసలి డిటెక్టివ్ మిస్ మార్పుల్‌గా జోన్ హిక్సన్, షెర్లాక్ హోమ్స్‌గా జెరెమీ బ్రెట్. పెట్టెల మీద ముగ్గురి ముఖాలూ నిగనిగలాడుతున్నాయి. లోపల మాత్రం వాళ్ళు తప్ప ఊళ్ళోవాళ్ళంతా ఉన్నారు.

ఓటీటీల కాలంలో డీవీడీలేంటి అనకండి. మా నాన్నగారికి ఎనభై దాటాయి. కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్‌నీ, లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపుల్లో దొరికిన అగాథా క్రిస్టీలనీ నమిలి మింగిన మనిషి. రిమోట్ పట్టుకుని యాప్‌లో వెతుక్కోవడమంటే ఆయనకు చిరాకు. డిస్కు పెట్టి ప్లే నొక్కితే హాయిగా చూస్తారు. పైగా ఓటీటీల్లో ఈ సీరియళ్ళు ఇవాళ ఉంటాయి, రేపు మాయమవుతాయి.

మోసం జరిగే తీరు చెబుతాను. ప్రతి సెట్‌లోనూ మొదటి డిస్కు మాత్రం సరైనదే పెడతాడు. షాపులో చిన్న ప్లేయర్ ఒకటి ఉంది. మన కళ్ళ ముందే ఆ మొదటి డిస్కు ఆడించి చూపిస్తాడు. సూషే టకటకా నడుచుకుంటూ వస్తాడు, మనం మురిసిపోతాం. "అన్నీ ఇలాగే ఉంటాయా?" అంటే "గ్యారంటీ మేడమ్" అంటాడు. బిల్లు అడిగితే "జీఎస్టీ పడుద్ది మేడమ్, మీకెందుకా బరువు" అని నవ్వేస్తాడు.

ఇంట్లో మూడో డిస్కు పెట్టిన కాసేపటికే నాన్నగారు కేకేశారు. "అమ్మాయ్, వీడెవడే? పాయిరో ఇంత పొడుగేంటి?" వెళ్ళి చూస్తే పీటర్ ఉస్తినోవ్.

ఉస్తినోవ్ గొప్ప నటుడే, కాదనను. 1978, 1982ల్లో వచ్చిన పెద్ద సినిమాల్లో ఆయన పాయిరో సరదాగానే ఉంటాడు. కానీ ఈ డిస్కుల్లో ఉన్నవి 1985, 86ల్లో అమెరికన్ టీవీ కోసం తీసిన టెలిఫిల్ములు. కథలన్నీ తీసుకొచ్చి 1980ల్లో పడేశారు. క్రిస్టీ రాసిన పాయిరో ఐదడుగుల నాలుగంగుళాల మనిషి. కోడిగుడ్డు ఆకారపు తల, బిగించి దువ్విన మీసం. ఒంటి మీద బుల్లెట్ దిగినా ఓర్చుకుంటాడేమో గానీ బట్ట మీద దుమ్ము పడితే ఓర్చుకోలేని రకం. ఉస్తినోవ్ భారీ మనిషి, కోటు నలిగినా ఆయనకు పట్టినట్టు కనపడదు.

డిస్కులు పట్టుకుని వెనక్కి వెళ్ళాను. షాపాయన తాపీగా ఫోన్‌లో వాటిలో ఒక టెలిఫిల్మ్ నటీనటుల జాబితా తీసి నా ముందు పెట్టాడు. "ఇదిగో మేడమ్, డేవిడ్ సూషే. మీరడిగినాయనే కదా?" నిజమే, ఉన్నాడు! కాకపోతే పాయిరోగా కాదు, పోలీసు ఇన్‌స్పెక్టర్ జాప్‌గా. 1985లో ఉస్తినోవ్ పక్కన జాప్ వేషం కట్టిన సూషే, నాలుగేళ్ళ తర్వాత తనే పాయిరో అయ్యాడు. ఆ జాప్ పాత్రలో తన నటన చెత్తగా ఉందని తర్వాత ఆయనే ఒప్పుకున్నాడు. అంటే మా షాపాయన ఏరి కోరి, సూషే స్వయంగా సిగ్గుపడ్డ టెలిఫిల్మ్‌ని సూషే సెట్ అని నాకు అంటగట్టాడన్నమాట. ఒక పక్క కోపం వస్తున్నా నవ్వాగలేదు.

"డిటెక్టివ్ ఒకడే కదా మేడమ్, ఎవరు చేస్తే ఏంటి?" అన్నాడు చివరికి. అక్కడ ఒళ్ళు మండింది. ఎన్టీఆర్ కృష్ణుడని టికెట్టు కోసి, లోపల ఇంకెవరికో నెమలి పింఛం పెట్టి కూర్చోబెడితే మన విజయవాడ ప్రేక్షకుడు కుర్చీలు విరగ్గొట్టడూ? ఈ సరుకులో మనం డబ్బిచ్చి కొనుక్కునేదే ఆ నటుణ్ణి. కథ కావాలంటే పుస్తకం పాతిక రూపాయలకు ఫుట్‌పాత్ మీద దొరుకుతుంది.

సూషే సంగతే చూడండి. 1989 నుంచి 2013 దాకా, 13 సిరీస్‌లు, 70 ఎపిసోడ్లు. దాదాపు పాయిరో కథలన్నీ ఆయన ఒక్కడే చేశాడు. వేషం ఒప్పుకున్నాక పుస్తకాలు ముందేసుకుని చదివి, పాయిరో అలవాట్లు 93 రాసిపెట్టుకున్నాడు. టీలో, కాఫీలో ఎన్ని చక్కెర బిళ్ళలు వేసుకుంటాడో కూడా ఆ జాబితాలో ఉంది. ఒంటికి మెత్తలు కట్టుకుని బొద్దుగా తయారయ్యేవాడు. ఆ చిన్న చిన్న అడుగుల నడక కోసం పిరుదుల మధ్య నాణెం బిగించి పట్టుకున్నట్టు ఊహించుకుని సాధన చేశాడట. పార్కులో బెంచీ మీద కూర్చునే ముందు రుమాలు పరిచే ఆ ఒక్క పనిలో మనిషి మొత్తం కనపడతాడు: శుభ్రం పిచ్చి, పరాయి దేశంలో ఒంటరితనం, కాస్త గర్వం. నా మట్టుకు నాకు మొదటి ఎనిమిది సిరీస్‌లే ఇష్టం. పాయిరో మిత్రుడు హేస్టింగ్స్, జాప్, సెక్రటరీ మిస్ లెమన్ ఉన్నంతకాలం ఇల్లు కళకళలాడుతుంది. 2003 నుంచి వచ్చినవాటిలో చీకటి ఎక్కువ, సరదా తక్కువ. అయినా చివరి కేసులో, చక్రాల కుర్చీలో కూర్చున్న ముసలి పాయిరోని చూసి కదలని వాళ్ళుండరు. నాకమ్మిన సెట్‌లో ఆ డెబ్బయ్యో ఎపిసోడ్ అసలు లేనే లేదు.

మార్పుల్ సెట్ ఇంకా ఘోరం. పెట్టె మీద హిక్సన్, రెండో డిస్కు నుంచీ జెరాల్డిన్ మెక్‌ఇవాన్, ఆ తర్వాత జూలియా మెకెంజీ. హిక్సన్ బీబీసీకి 1984 నుంచి 1992 దాకా చేసింది. మార్పుల్ నవలలు 12, పన్నెండూ చేసింది. మొదలుపెట్టేటప్పటికి ఆవిడకి 78 ఏళ్ళు. అంతకు దాదాపు నలభై ఏళ్ళ ముందే, ఏదో నాటకంలో ఆవిణ్ణి చూసిన క్రిస్టీ, ఎప్పటికైనా నువ్వు నా మిస్ మార్పుల్ చెయ్యాలని ఉత్తరం రాసింది. హిక్సన్ ఏమీ చెయ్యదు, అదే ఆవిడ గొప్ప. అల్లిక చేతిలో, చూపు ఎదుటివాడి మీద. మన వీధిలో అరుగు మీద కూర్చుని ఎవరింటికి ఎవరొచ్చారో తల తిప్పకుండానే చెప్పే బామ్మగారి తరహా. ఆ నీలికళ్ళలో జాలి మచ్చుకైనా ఉండదు, హంతకుడు దొరికినప్పుడు ఇంకా ఉండదు.

2004 నుంచి ఐటీవీ అనే బ్రిటిష్ ఛానెల్లో వచ్చిన మార్పుల్ వేరే వ్యవహారం. మెక్‌ఇవాన్ చిలిపిగా బాగానే ఉంటుంది గానీ, ఆమె మార్పుల్‌కి వయసులో ఉండగా పెళ్ళయిన మగాడితో ప్రేమకథ ఒకటి తగిలించారు. మార్పుల్ అసలు లేని నవలల్లోకి కూడా ఆవిణ్ణి దూర్చారు. కొన్నిచోట్ల హంతకుణ్ణే మార్చేశారు! నాన్నగారు అది చూసి, "ఇదేంటే, చంపింది వీడు కాదు కదా" అని టీవీతో పోట్లాట పెట్టుకున్నారు. ఆయనకి మతిమరుపు వచ్చిందేమోనని ఒక క్షణం మాకు టెన్షన్ కూడా వచ్చింది. పుస్తకం తీసి చూస్తే ఆయన చెప్పిందే రైటు.

ఇక హోమ్స్. ఇక్కడ అబద్ధం పెట్టె మీదే రాసుంది, "60 కథలూ బ్రెట్‌తో" అని. డాయిల్ రాసిన హోమ్స్ కథలు 60 అన్నమాట నిజమే, నాలుగు నవలలు, 56 చిన్న కథలు. కానీ జెరెమీ బ్రెట్ గ్రెనాడా టీవీకి 1984 నుంచి 1994 దాకా చేసిన ఎపిసోడ్లు 41 మాత్రమే. 1995లో ఆయన పోయాడు. మిగతావి బ్రెట్‌తో ఎవడూ తీయలేదు. ఎవరైనా బ్రెట్ 60 అని అమ్మజూపితే అక్కడే లేచి వచ్చేయండి. నా సెట్‌లో ఖాళీ పూడ్చడానికి బేసిల్ రాత్‌బోన్ బ్లాక్ అండ్ వైట్ సినిమాలు, బెనెడిక్ట్ కంబర్‌బ్యాచ్ సీరియల్ ముక్కలు పడేశారు. కంబర్‌బ్యాచ్‌ది మంచి తమాషా, మొబైల్ ఫోన్ల కాలం హోమ్స్. మా అబ్బాయికి అదే ఇష్టం. కానీ గుర్రబ్బండి చప్పుడు వినాలని కూర్చున్న ముసలాయనకి అది చూపిస్తే ఏం బాగుంటుంది? బ్రెట్ చెయ్యి గాల్లో విసిరే విసురు, ఉన్నట్టుండి తెగిపోయే నవ్వు, చలనం లేకుండా కూర్చుని ఒక్కసారిగా లేచే ఆ తీరు మరెవరికీ రాలేదు. హోమ్స్ అలవాట్ల మీద 77 పేజీల ఫైలు దగ్గర పెట్టుకుని పనిచేశారు గ్రెనాడా వాళ్ళు.

గుంటూరు బ్రాడీపేటలో ఉండే మా పెద్దమ్మ కొడుకూ ఇదే మనిషికి దొరికాడు. దూరదర్శన్‌లో 1993లో వచ్చిన బెంగాలీ డిటెక్టివ్ సీరియల్ బ్యోమకేశ్ బక్షీ కావాలన్నాడు, రజిత్ కపూర్ చేసినది. పెట్టె మీద రజిత్ కపూర్, పక్కన మిత్రుడు అజిత్‌గా కె.కె. రైనా. లోపల సుశాంత్ సింగ్ రాజ్‌పుత్ చేసిన 2015 నాటి సినిమాని ముక్కలు కోసి, ఒకటో భాగం రెండో భాగం అని ఎపిసోడ్లుగా మార్చి పెట్టారు. ఆ ఓపికకి దణ్ణం పెట్టాలి.

కొనేముందు డిస్కు తిరగేసి చూడండి. కంపెనీలో అచ్చు వేసిన డిస్కు అడుగు వెండిలా తెల్లగా ఉంటుంది. ఇంట్లో కంప్యూటర్‌లో కాపీ చేసినది ఊదారంగులోకి తిరిగి ఉంటుంది. నా సెట్లలో ఒక్కో పెట్టెకీ మొదటిది తెలుపు, మిగతావన్నీ ఊదా. అంటే దొంగ కాపీలు కూడాను. నిడివి కూడా చూసుకోండి. సూషే చిన్న కథల ఎపిసోడ్లు, బ్రెట్ ఎపిసోడ్లు దాదాపు 50 నిమిషాలుంటాయి. నలభై చిల్లరకే అయిపోతే ప్రకటనల కోసం ఎక్కడో కత్తిరించిన కాపీ అని అర్థం. ఇంకోటి, డిస్కు ఏ దేశాల ప్లేయర్లలో ఆడుతుందో చెప్పే రీజియన్ నంబరు ఒకటుంటుంది: నిజంగా బ్రిటన్ నుంచి వచ్చిన డీవీడీ అయితే రీజియన్ 2 అని ఉంటుంది, మనది రీజియన్ 5. మీ ప్లేయర్ అన్ని రీజియన్లూ ఆడిస్తుందో లేదో ముందే కనుక్కోండి, లేకపోతే నిజం సెట్టు కొన్నా తెర మీద ఏమీ రాదు. మొదటి డిస్కు కాదు, మధ్యలోంచి మీరు తీసిన డిస్కు ఆడించమనండి. కుదరదంటే కొనకండి.

బిల్లు విషయం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడమే అనుచిత వ్యాపార పద్ధతి. లోపమున్న వస్తువుని బిల్లులో రాసిన గడువులోగా, గడువేమీ రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకోకపోవడమూ అంతే. బిల్లు లేకపోయినా యూపీఐ చెల్లింపు వివరాలు, వాట్సాప్‌లో ఆయన రాసిన "కంప్లీట్ ఒరిజినల్" అన్న మాటలు, ఫోటోలు, ఊదారంగు డిస్కులు అన్నీ దాచాను. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. ఐదు లక్షల లోపు కేసుకి ఫీజు లేదు, రెండేళ్ళ గడువుంది. ఇదే మనిషి చేతిలో మోసపోయినవాళ్ళు చాట్, పేమెంట్ స్క్రీన్‌షాట్లు చెరిపేయకండి, మీరు కూడా 1915కి చెప్పండి. ఒక్కరు చెబితే ఒక్క సెట్టు గొడవ, పదిమంది చెబితే అది ఆయన వ్యాపారం సంగతి.

సగం డబ్బు ఇస్తానని కబురు పెట్టాడు, ఒప్పుకోలేదు. నిన్న మళ్ళీ గ్రూపులో కొత్త ఫోటో పెట్టాడు: "ఇన్‌స్పెక్టర్ మోర్స్, జాన్ థా, 50 ఎపిసోడ్లు, కంప్లీట్." జాన్ థా 1987 నుంచి 2000 దాకా చేసినవి 33.