రామప్ప దాకా 150 సీసీ బండి మీద: ఆరేళ్ళు, ఐదు ప్రయాణాలు

గాలితో చల్లబడే ఒంటి సిలిండర్ ఇంజిన్, 150 సీసీ, ముందు డిస్క్ బ్రేకు, వెనక డ్రమ్ము. కొని ఆరేళ్ళు దాటింది, మీటరు 41 వేలు చూపిస్తోంది. అందులో సగానికి పైగా ఆఫీసుకి వెళ్ళిరావడమే కాబట్టి ఆ సంగతి వదిలేద్దాం. ఇక్కడ రాసేది ఇదే బండి మీద ఒక్కణ్ణే హైదరాబాద్ నుంచి రామప్పకి ఐదుసార్లు వెళ్ళొచ్చిన అనుభవం. ఒకే గుడికి ఐదుసార్లా అని ఇంట్లోవాళ్ళు కూడా అడిగారు. మొదటి రెండుసార్లూ సరిగా చూడలేకపోయాను, అందుకే.

ఎందుకు చూడలేకపోయానో చెప్తే బండిని నేను దేన్ని బట్టి కొలుస్తున్నానో మీకు అర్థమవుతుంది. పికప్ ఎంత, మైలేజీ ఎంత అని అందరూ చెప్తారు. నా లెక్క వేరే. బండి దిగాక గుడి అరుగు మీద మెడ పైకెత్తి ఎంతసేపు నిలబడగలిగాను అన్నదే నాకు ముఖ్యం. రామప్పలో అసలు చూడాల్సినవి తల పైనే ఉంటాయి. చూరు కింద స్తంభాలకీ కప్పుకీ మధ్య వాలుగా నిలబెట్టిన నల్లరాతి మదనికలు (స్త్రీల శిల్పాలు), లోపల రంగమండపం కప్పు, దాని చుట్టూ దూలాల మీది చెక్కడాలు, ఏది చూడాలన్నా మెడ వెనక్కి వంచాల్సిందే. మొదటిసారి భుజాలకి బరువైన బ్యాగు తగిలించుకుని, మధ్యలో ఒక్కచోటే ఆగి, దాదాపు 210 కిలోమీటర్లు ఒకే ఊపున తోలేశాను. దిగేసరికి మెడ పట్టేసింది. తల ఎత్తితే మెడ దగ్గర మొదలై భుజాల దాకా ఒకటే నొప్పి. పావుగంట అటూఇటూ తిరిగి, నాలుగు ఫొటోలు తీసుకుని తిరుగుముఖం పట్టాను. ఎనిమిది వందల ఏళ్ళ గుడిని పావుగంటలో చూసొచ్చానంటే నాకే నవ్వొస్తుంది ఇప్పుడు.

కాబట్టి మొదటి మాట, భుజాలకి బ్యాగు వద్దు. హెల్మెట్ బరువుకి బ్యాగు బరువు తోడైతే మెడ పని అయిపోయినట్టే. రెండోసారి సీటుకి రెండు వైపులా వేలాడే సంచులు కొన్నాను. అదీ తిన్నగా సాగలేదు. కుడివైపు సంచి అడుగు సైలెన్సర్‌కి ఆనుకుని కాలింది, వాసన వచ్చేదాకా నాకు తెలియలేదు, లోపలున్న రెయిన్‌కోటు సగం కరిగి ముద్దయింది. సైలెన్సర్ పైకి లేచి ఉండే బండ్లకి ఆ సంచులు పనికిరావు, కొనేముందు సీటు మీద వేసి చూసుకోండి. చివరికి కుదిరింది వెనక సీటు మీద తాళ్ళతో బిగించే గుండ్రటి సంచి ఒక్కటే. మూడేళ్ళుగా అదే వాడుతున్నాను. వానలో జిప్ దగ్గర కొంచెం తడి దిగుతుంది, బట్టలు ప్లాస్టిక్ కవరులో చుట్టి పెడితే బాధలేదు. నడుముకి ఆనుకుని చిన్న దిండులా కూడా పనిచేస్తుంది, కొన్నప్పుడు ఆ సంగతి తట్టలేదు.

ఇక వేగం. ఈ బండి 60 దగ్గర హాయిగా ఉంటుంది, ఇంజిన్ చప్పుడు చెవికి జోకొట్టినట్టు ఉంటుంది. 75 దాటితే హ్యాండిల్‌లో, ఫుట్‌రెస్టుల్లో సన్నగా వణుకు మొదలవుతుంది, గంటసేపు అలాగే తోలితే వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. 350 సీసీ బండ్లున్న స్నేహితులు నన్ను చూసి జాలిపడతారు గానీ, ఒంటరిగా తొందర లేకుండా వెళ్ళేవాడికి 60 చాలు. ఆ వేగంలో వెళ్తుంటే భువనగిరి కొండ రోడ్డు మీద నుంచి ఎంతసేపు కనిపిస్తుందో! మొత్తం ఒకే బండ, గుడ్డు బోర్లించినట్టు, మీద కోట. నాలుగోసారి అక్కడే ఆగి పైకెక్కాను, దిగాక కాళ్ళు వణికి గేరు మార్చడం కష్టమైంది. కోట ఎక్కే రోజున దూరప్రయాణం పెట్టుకోకండి.

ఇప్పుడు నేను పాటించే పద్ధతి ఇది. మొదటిరోజు పొద్దున్నే బయల్దేరి భువనగిరి, ఆలేరు, జనగామ మీదుగా మధ్యాహ్నానికి హనుమకొండ. గంటకోసారి ఆగడం, నీళ్ళు తాగినా తాగకపోయినా హెల్మెట్ తీసి మెడ అటూఇటూ తిప్పడం. సాయంత్రం వేయిస్తంభాల గుడి. రాత్రి అక్కడే పడుకోవడం. మర్నాడు తెల్లవారాక ములుగు మీదుగా రామప్ప గుడి ఉన్న పాలంపేట, ఇంకో 70 కిలోమీటర్లు, రెండు గంటలు కూడా పట్టదు. ఇలా వెళ్తే గుడి దగ్గరికి చేరేసరికి ఒళ్ళు తేలిగ్గా ఉంటుంది, ఎండ ముదరదు. పైగా వేయిస్తంభాల గుడి 1163 నాటిది, రామప్ప 1213 నాటిది. యాభై ఏళ్ళ తేడాతో కట్టిన రెండు కాకతీయ గుళ్ళని ఒక రాత్రి తేడాతో చూస్తే, నల్లరాతి స్తంభాల నునుపు ఎక్కడిదాకా వెళ్ళిందో కళ్ళకే తెలుస్తుంది. అంతకుముందు చదివిన ఏ వ్యాసంలోనూ నాకు అది పట్టుబడలేదు.

హైవే బాగుంది గానీ, నాలుగు లేన్ల రోడ్డు కదా అని నిశ్చింతగా ఉండకండి. డివైడర్ పక్కనే రాంగ్ రూట్లో ఎదురొచ్చే బండ్లు ఉంటాయి, లైట్ కూడా వేసుకోరు. హనుమకొండ దాటాక రోడ్డు తీరు మారుతుంది, పొలాలు, చెరువులు, ములుగు దగ్గర పడేకొద్దీ చెట్లు. కోతల కాలంలో మాత్రం వడ్లు రోడ్డు మీదే ఆరబోస్తారు. సగం రోడ్డు వడ్లు, చుట్టూ హద్దుగా రాళ్ళు. పగలు పర్వాలేదు. చీకటి పడితే ఆ రాళ్ళు కనబడవు, వడ్ల మీద బ్రేకు కొడితే బండి జారిపోతుంది. ఒకసారి వెనకచక్రం పక్కకి తిరిగి, కాలు ఆనించి ఎలాగో నిలబెట్టుకున్నాను. అప్పటినుంచి చీకటి పడ్డాక ఆ రోడ్డు మీద తోలను. రైతుని తిట్టుకుని లాభం లేదు, కల్లాలు లేకపోతే ఎక్కడ ఆరబోస్తాడు?

గుడి దగ్గర ఎవరూ ముందుగా చెప్పని సంగతి ఒకటుంది, బూట్లు. రైడింగ్ బూట్లు లేసులు విప్పి తీయడం ఒక గొడవ, అవి తీశాక వట్టి కాళ్ళతో రాతి మీద నడవాలి. రెండోసారి ఏప్రిల్‌లో ఒంటిగంటకి చేరాను. గుడి ఎత్తైన అరుగు మీద ఉంటుంది, చుట్టూ ప్రదక్షిణగా నడుస్తూ చూడాలి, ఎండకి ఆ రాళ్ళు పెనంలా కాలుతున్నాయి. గోడ అడుగున వరసగా నడిచే ఏనుగుల పట్టీని తీరిగ్గా చూద్దామనుకుని, నీడ నుంచి నీడకి గెంతుతూ గబగబా దాటేశాను. ఇప్పుడు మందపాటి సాక్సులు విడిగా పెట్టుకెళ్తున్నాను, జిప్ ఉన్న బూట్లు కొన్నాను. జాకెట్ బండికి తగిలించి రాకండి, చుట్టి చేతిలో పట్టుకోండి. హెల్మెట్‌కి మాత్రం తాళం ఉంటే చాలు.

పొద్దుటి వాలు వెలుతురు మదనికల మీద పడినప్పుడు చూడాలి. గోడలు ఎర్రటి ఇసుకరాయి, బొమ్మలు, నడిమి స్తంభాలు డోలరైట్ అనే నల్లటి గట్టి రాయి. ఆ ఎరుపు మీద నలుపు మెరుస్తుంటే నగల గొలుసుల్లో సందులు కూడా విడివిడిగా కనిపిస్తాయి. మధ్యాహ్నం ఫొటోల్లో అదంతా ఒకే నల్లముద్ద. మూడోసారి గంటన్నర నిలబడ్డాను, ఐదోసారి మూడు గంటలు. అంతసేపుంటే మండపం నేల మీద కూడా చూపు పడుతుంది. రాతిపలకలు అక్కడక్కడా కుంగి, అలల్లా ఎత్తుపల్లాలుగా ఉంటాయి. పునాది గోతుల్లో ఇసుక నింపి కట్టిన గుడి అది, నేల కుంగినా స్తంభాలు, కప్పు నిలబడ్డాయి. పైన శిఖరానికి వాడినవి నీళ్ళలో తేలేంత తేలిక ఇటుకలు. గణపతిదేవుడి కాలంలో సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన ఈ గుడి 2021లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది. ఆ తర్వాత జనం బాగా పెరిగారు, సెలవురోజుల్లో మండపంలో నిలబడటానికే చోటుండదు. వారం మధ్యలో సెలవు పెట్టుకుని వెళ్ళడం మేలు. ఒంటరి ప్రయాణంలో సుఖం ఏంటంటే, ఎవరి సెలవుతోనూ మన సెలవు కలవనక్కర్లేదు.

బండిలో చెడ్డవి కూడా రాయాలి కదా. మొదటిది సీటు. 80 కిలోమీటర్లు దాటితే చదును పలక మీద కూర్చున్నట్టే. రెండోది చైన్. ప్రతి 500 కిలోమీటర్లకీ ఆయిల్ వేయాలి, వానలో అయితే ఇంకా ముందే. ఒకసారి ప్రయాణానికి ముందురోజు ఓ మెకానిక్ దగ్గర చైన్ బిగించమంటే మరీ బిగుతుగా బిగించి పంపాడు, జనగామ దాటేసరికి వెనకనుంచి కీచుమని చప్పుడు, వంద కిలోమీటర్లు బిక్కుబిక్కుమంటూ తోలాను. చైన్‌ని వేలితో నొక్కితే రెండు, రెండున్నర సెంటీమీటర్లు ఆడాలి, బయల్దేరేముందు మీరే చూసుకోండి, ఒక్క నిమిషం పని. మూడోది నా తప్పే. దారి చూడ్డానికి ఫోన్‌ని హ్యాండిల్‌కి తగిలించాను, కొన్నాళ్ళకి కెమెరా దేన్ని తీసినా మసకే. ఇంజిన్ వణుకుకి లోపల లెన్స్‌ని స్థిరంగా ఉంచే భాగం పాడైందన్నారు. ఇప్పుడు ఫోన్ జేబులోనే, చెవిలో దారి వింటూ వెళ్తాను, తప్పిపోతే ఆగి అడుగుతాను. అలా తప్పిపోయే ఒకసారి ఘణపురం కోటగుళ్ళ దారి పట్టాను. కాకతీయుల కాలపు చిన్నా పెద్దా గుళ్ళు ఒకే ఆవరణలో, చాలావరకు శిథిలాలు. మధ్యాహ్నం అక్కడ నేను, ఇంకో ఇద్దరు మాత్రమే ఉన్నాం.

పంక్చర్ ఆరేళ్ళలో రెండుసార్లే, రెండూ వెనక చక్రానికే. ట్యూబ్‌లెస్ టైరు కాబట్టి మేకు తీయకుండా గాలి కొట్టించుకుంటూ ఊళ్ళోకి చేరగలిగాను. పంక్చర్ కిట్, చిన్న పంపు పెట్టుకుంటే ములుగు అవతల టెన్షన్ ఉండదు. మైలేజీ 60లో తోలితే లీటరుకి 50 దాకా ఇస్తోంది, ట్యాంకు నింపితే మళ్ళీ హనుమకొండ చేరేదాకా బంకు వైపు చూడక్కర్లేదు.

ఇదే పని మీద కొత్తగా బండి కొనాలనుకుంటే ఇంత చిన్నది చాలా అంటే, ఇద్దరు వెళ్ళేటట్టయితే చాలదు, వెనక మనిషి, సంచి రెండూ పట్టవు. ఒక్కరికైతే బాగా చాలు. సీటు మాత్రం నేను ఈ వేసవిలోపు మార్పిస్తున్నాను. కార్తికంలో ఆరోసారి వెళ్ళాలి, ఈసారి రామప్ప చెరువు గట్టు మీద సాయంత్రం దాకా ఉండి, రాత్రికి ములుగులో ఆగేటట్టు.