బిల్డ్ పరీక్షల ఫలితాలు పంచుకోవడానికి ఏది మేలు?

హన్మకొండ, కాజీపేటలలో ఉంటూ సెలవు రోజుల్లో తెలుగు పదాలను సరిచూసే ఒక ఓపెన్ సోర్స్ లైబ్రరీకి (ఎవరైనా తమ ప్రోగ్రాముల్లో వాడుకోగల కోడ్‌కు) పనిచేసే చిన్న బృందం మాది. కోడ్ మారిన ప్రతిసారీ దాన్ని మళ్లీ ప్రోగ్రాముగా కూర్చి (దీన్నే బిల్డ్ అంటాం) సరిగా పనిచేస్తోందో లేదో చూసే పరీక్షలు వాటంతట అవే నడుస్తాయి గానీ, వాటి ఫలితాలను అందరికీ ఎలా చేరవేయాలన్న విషయంలో చాలాకాలం ఒక మాట మీదికి రాలేకపోయాం.

మొదట వాట్సాప్ గ్రూపులో స్క్రీన్‌షాట్ పెట్టేవాళ్లం. అందరికీ వెంటనే తెలుస్తుంది, అంతవరకు మంచిదే. అయితే ఒకసారి ‘సాఫ్ట్‌వేర్’ అన్న మాటకు రాసుకున్న పరీక్ష ఫెయిలైంది. ఆ మాటలో పొల్లు ‘ట్’ తర్వాత కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ (పక్క అక్షరాలు కలిసిపోకుండా ఆపే గుర్తు) ఉండాలి. అది పోతే వకారం వత్తుగా మారి ‘సాఫ్ట్వేర్’ అవుతుంది. మా టెర్మినల్‌లో (ఆదేశాలు టైపు చేసే తెరలో) తెలుగు వత్తులు సరిగా కూడవు కాబట్టి, రావలసిన మాట, వచ్చిన మాట రెండూ బొమ్మలో అచ్చం ఒకేలా కనిపించాయి. బొమ్మలోంచి అక్షరాలను కాపీ చేసి చూసే వీలు లేక రెండు సాయంత్రాలు పోయాయి. ఫలితం పాఠంగానే అందాలని నేను పట్టుబట్టడానికి కారణం ఇదే.

బిల్డ్ నడిచిన పేజీ లింకునే పంపితే ఆ ఇబ్బంది ఉండదు. ఏ కమిట్ (కోడ్‌లో భద్రపరచిన ఒక్కో మార్పు), ఏ ఆపరేటింగ్ సిస్టమ్, ఏ ఆదేశం అన్నీ లాగ్‌లో, అంటే బిల్డ్ నడిచిన తీరు నమోదైన పాఠంలో ఉంటాయి. కానీ పరీక్షలను నడిపే గిట్‌హబ్ యాక్షన్స్ సేవలో పబ్లిక్ రిపాజిటరీల (అందరికీ కనిపించే కోడ్ నిల్వల) లాగ్‌లు గరిష్ఠంగా 90 రోజులే నిలుస్తాయి. ఆరు నెలల తర్వాత చేరిన కొత్తవారు ఈ పరీక్ష మొదట ఎప్పుడు ఫెయిలైందని అడిగితే చూపించడానికి ఏమీ మిగలదు.

పెద్ద ప్రాజెక్టుల దారి వేరు. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ వారికి 2004 నుంచి బిల్డ్ ఫార్మ్ ఉంది. స్వచ్ఛందంగా ముందుకొచ్చినవారు తమ తమ యంత్రాల మీద పరీక్షలు నడిపితే ఫలితాలు ఒకే సర్వరుకు చేరతాయి. ఒక్కో యంత్రాన్ని ఒక్కో జంతువు పేరుతో పిలుస్తారు. రకరకాల ప్రాసెసర్ల మీద మాత్రమే బయటపడే తప్పులను పట్టుకోవడానికి ఇంతకంటే మంచి పద్ధతి నాకు తెలియదు. అయితే ఆ సర్వరును కనిపెట్టుకుని ఉండే మనుషులు కావాలి, ఐదుగురం ఆ భారం మోయలేం.

అందువల్ల మా వంటి బృందానికి నాలుగో పద్ధతే మేలని నా నిశ్చితాభిప్రాయం. ప్రతి బిల్డ్ తర్వాత పరీక్షల ఫలితాలను పాఠంగా రాసే జేయూనిట్ ఎక్స్‌ఎంఎల్ ఫైలును కమిట్ సంఖ్య పేరుతో విడి రిపాజిటరీలో భద్రపరచాలి. పూర్తి లాగ్‌ను ఫెయిలైన వాటికి మాత్రమే, అదీ పాస్‌వర్డులు, టోకెన్లు (పాస్‌వర్డులా పనిచేసే రహస్య సంకేతాలు) లేవని చూసుకున్నాకే జతచేయాలి. ఈ రూపాన్ని చాలా పరికరాలు చదవగలవు, ప్రతి మార్పునూ గుర్తుంచుకునే గిట్‌లో ఉంటుంది కాబట్టి చరిత్ర పోదు. వాట్సాప్‌ను మానలేదు, అందులో ఇప్పుడు ఆ ఫైలు లింకు పెడుతున్నాం.

పరీక్ష ఫెయిలైతే మాటతోపాటు దానిలోని ఒక్కో అక్షరానికీ, కనిపించని గుర్తుకూ ఉండే యూనికోడ్ సంఖ్యలు కూడా వరుసగా రాసేలా మార్చాం కాబట్టి, కాజీపేట జంక్షన్‌లో రైలు కోసం ఎదురుచూస్తూ ఫోన్‌లో తెరిచినవారు కూడా ఏ అక్షరం జారిపోయిందో చెప్పగలుగుతున్నారు.