‘చెడ్డవాళ్లు వాళ్లమ్మకి మంచివాళ్లేనా?’: పిల్లల తత్వచర్చ తరగతులపై సమీక్ష

ఆరేళ్ల పిల్ల ఈ ప్రశ్న అడిగితే చాలాసార్లు దొరికే జవాబు “పెద్దయ్యాక నీకే తెలుస్తుందిలే”. అలా దాటెయ్యకుండా ఆ ప్రశ్న చుట్టూ పిల్లల్ని కూర్చోబెట్టి మాట్లాడించేవి ఈ తరగతులు. తత్వశాస్త్రం బోధించే మాథ్యూ లిప్‌మన్ అమెరికాలో మొదలుపెట్టిన పద్ధతి ఇది. 1974లో అక్కడి న్యూజెర్సీ రాష్ట్రంలోని మాంట్‌క్లెయిర్‌లో దీనికోసమే ఒక సంస్థ కూడా ఏర్పడింది. నిక్షేపంగా చేర్పించొచ్చు, అయితే నడిపే మనిషిని చూసుకుని.

క్లాసు గంటలోపే. అందరూ గుండ్రంగా కూర్చున్నాక ఒక చిన్న కథో బొమ్మో చూపిస్తారు. ప్రశ్నలు వేసేది పిల్లలే. వాటిని టీచర్ వాళ్ల మాటల్లోనే బోర్డు మీద రాస్తే, చేతులెత్తి ఒకటి ఎంచుకుంటారు. చర్చంతా దాని మీదే. చివర్లో ఒక్కొక్కరూ ఒక మాట చెప్తారు, చెప్పకుండా ఊరుకున్నా ఫర్వాలేదు.

అసలు పనితనమంతా చర్చ నడపడంలో ఉంది. పై ప్రశ్ననే తీసుకోండి. అందులో రెండు ప్రశ్నలున్నాయి: చెడ్డవాడు అమ్మతో మంచిగా ఉంటాడా? అమ్మ అతన్ని మంచివాడనుకుంటుందా? పని తెలిసిన టీచర్ మొదట ఈ ముడి విప్పుతారు. “అమ్మకి ప్రేమ కదా, అందుకే తెలీదు” అని ఎవరో అంటారు. “ప్రేమ ఉంటే తెలీదా, తెలిసినా ప్రేమ ఉంటుందా?” అని అడిగితే గది ఒక్కసారిగా నిశ్శబ్దమవుతుంది. అక్కడినుంచి ‘చెడ్డవాడు’, ‘చెడ్డపని చేసినవాడు’ ఒకటేనా అన్నచోటికి పిల్లలు తామే వెళ్తారు. ఈ పద్ధతి విలువంతా ఆ పది నిమిషాల్లోనే ఉంది.

చెడేది కూడా అక్కడే. “కాబట్టి పిల్లలూ, మనమెప్పుడూ మంచిగా ఉండాలి” అని టీచర్ ముగించారంటే, వచ్చే వారం నుంచి పిల్లలు ఆలోచించడం మానేసి టీచర్ మొహం చూస్తారు, ఏ జవాబు కావాలో అని. రెండో తప్పు తొందర. ప్రశ్న వేశాక టీచర్లు సగటున ఒక సెకను మాత్రమే ఆగుతారనీ, 3 సెకన్లు ఆగితే జవాబులు పొడుగవుతాయనీ, మామూలుగా నోరు విప్పని పిల్లలూ మాట్లాడతారనీ 1970ల్లో అమెరికా విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో గమనించింది. డెమో క్లాసులో మీరే మనసులో లెక్కపెట్టండి.

వయసు తేడా రెండేళ్లు మించని గుంపు అడగండి. పిల్లల ఆలోచనా తీరును పరిశోధించిన మనస్తత్వ శాస్త్రవేత్త పియాజే 1932లో చూపిన ఉదాహరణ ఉంది: తెలియక 15 కప్పులు పగలగొట్టినవాడు, జామ్ దొంగిలించబోయి ఒక్క కప్పు పగలగొట్టినవాడు, వీళ్లలో ఎవరిది పెద్ద తప్పు? చిన్నపిల్లలు ఎక్కువగా పగిలిన కప్పులు లెక్కపెడతారు, పెద్దపిల్లలు ఉద్దేశం చూస్తారు. ఐదేళ్లవాళ్లనీ పదేళ్లవాళ్లనీ కలిపితే పెద్దవాళ్లు జవాబు తేల్చేస్తారు, చిన్నవాళ్లు తలూపుతారు. ఆన్‌లైన్ క్లాసుల్లో ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ. మైక్ మ్యూట్‌లో ఉన్న పిల్ల ఆలోచిస్తోందో, దిక్కులు చూస్తోందో తెలియదు.

మార్కులు పెరుగుతాయన్న ప్రకటన చూసి మాత్రం చేర్చకండి. ఇంగ్లండ్‌లో 48 బడుల్లో చేసి 2015లో వెలువరించిన పరిశీలనలో చదవడంలోనూ లెక్కల్లోనూ కొంత మెరుగు కనిపించింది. తర్వాత ఇంకా ఎక్కువ బడుల్లో చేసిన దాంట్లో చదవడంలో ఆ మెరుగు కనిపించలేదు.

ఫీజు కట్టేముందు ఇంకొకటి అడగాలి. “చెడ్డవాళ్లు ఎందుకు కొడతారు?” అన్న ప్రశ్న ఒక్కోసారి కుతూహలం కొద్దీ వస్తుంది, ఒక్కోసారి తిన్న దెబ్బ నుంచి వస్తుంది. అలా అనిపిస్తే అందరి ముందూ గుచ్చిగుచ్చి అడక్కుండా, క్లాసయ్యాక విడిగా ఎవరు మాట్లాడతారు, పిల్లల రక్షణ బాధ్యత ఎవరిది, విషయం ఎవరికి చెప్తారు? దీనికి “మా దగ్గర అలాంటివి రావండీ” అన్నారంటే, ఆ తరగతి మీ పిల్లకి వద్దు.