స్టాన్లీ నంబర్ 5: క్యాప్ ఐరన్ కోసం కొనొచ్చు, వానాకాలంలో పేచీ కూడా దానితోనే

నా దగ్గర చేరిన పాత చిత్రికల్లో ఎక్కువగా చేతికొచ్చేది ఇంగ్లండులో తయారైన స్టాన్లీ నంబర్ 5. కొన్నేళ్లుగా వాడుతున్నాను. దీని పొడవెంత, బరువెంత అన్నవి ఈ పిచ్చి ఉన్నవాళ్లందరికీ తెలుసు కాబట్టి వాటి జోలికి పోను. సేకరించేవాళ్లకి అమెరికా పీసులంటే మోజు, ఇంగ్లండువి అంటే చిన్నచూపు. పని చేసుకునేవాళ్లకి అది మంచిదే, ధర పెరగదు.

నేను చెప్పాలనుకున్నది బ్లేడు మీద మరతో బిగించే వంపు రేకు, అంటే క్యాప్ ఐరన్ గురించి. ఈ చిత్రిక అంటే నాకున్న ఇష్టానికీ, ఏటా వానలు పట్టగానే దీనిమీద వచ్చే కోపానికీ కారణం అదొక్కటే.

మా కోనసీమలో పాత మండువా ఇళ్లు విప్పుతుంటే పనస చెక్క దొరుకుతూ ఉంటుంది. చూడ్డానికి అందంగానే ఉంటుంది గానీ నార ఒక దారిన పోదు. జానెడు మేర ఇటు వాలితే పక్క జానెడు అటు వాలుతుంది. ఏ వైపు నుంచి తోసినా ఎక్కడో ఒకచోట ఎదురు నార తగిలి పెచ్చు లేస్తుంది. అందుకే మా మేస్త్రి అలాంటి బల్లకి కరెంటు చిత్రిక ఆడించేసి మిగతా భారం సాండ్ పేపర్ మీద వేస్తాడు.

చాలామంది ఈ రేకు బ్లేడు అదరకుండా పట్టుకోవడానికే అనుకుంటారు. అంచుకి ఓ రెండు మిల్లీమీటర్లు వెనక బిగించి వదిలేస్తారు. జపాన్‌లో యమగాత యూనివర్సిటీ ఆచార్యులు కవాయి, కాతో చెక్క కోసుకునే తీరుని బాగా దగ్గరగా తీసిన వీడియో ఒకటుంది. 2012 ప్రాంతంలో అది చిత్రికల వాళ్లందరికీ చేరింది. రేకు ముక్కుని అంచుకి 0.1 నుంచి 0.3 మిల్లీమీటర్ల దూరానికి తెస్తే, లేచిన పొర వెంటనే ఆ ముక్కుకి కొట్టుకుని ముందుకి వంగిపోతుంది. చీలిక బ్లేడుని దాటి ముందుకి పరిగెత్తడానికి వీల్లేదు. పెచ్చు లేవదు.

ఉయ్యాల బల్ల కోసం తెచ్చిన పనస చెక్క మీద నేను అలా బిగించి తోశాను. మామూలుగా చుట్టలు చుట్టుకుని పక్కకి పడిపోయే పొర, ఈసారి చుట్టుకోకుండా చిత్రిక నోట్లోంచి, అంటే అడుగున బ్లేడు బయటికొచ్చే సందులోంచి, తిన్నగా పైకి లేచింది. రేకు సరిగ్గా కూర్చుందనడానికి అదే గుర్తు. కణుపు చుట్టూ నార సుడి తిరిగిన చోట కూడా వేలికి గరుకు తగల్లేదు. కిటికీ వెలుగులో ఏటవాలుగా పెట్టి చూస్తే చెక్క మెరుస్తోంది. సాండ్ పేపర్‌తో ఎంత రుద్దినా ఆ మెరుపు రాదు.

మేస్త్రి వచ్చి తడిమి చూశాడు. "పాలిషేం కొట్టారు మాస్టారూ?" అన్నాడు. ఏమీ కొట్టలేదన్నాను. "ఆయ్, అయితే చెక్క మంచిదండి" అని తేల్చేశాడు. చిత్రికకి ఒక్క మార్కు కూడా వెయ్యలేదు.

ఆ ఊపులో, ఇది ఉంటే సాండ్ పేపర్ అక్కర్లేదని కనిపించినవాళ్లందరికీ చెప్పేవాణ్ణి. టేకు వరకూ ఇప్పటికీ అదే మాట, బ్లేడు అప్పుడే నూరినదైతే. టేకులో ఉండే సిలికా పదునుని ఇట్టే తినేస్తుంది మరి. పనసలో పెద్ద కణుపుల దగ్గర కాస్త రుద్దుకోవాల్సిందే. పైగా రేకు అంత దగ్గరగా ఉంటే తొయ్యడం బరువు. పొర మందంగా తీస్తే భుజాలు పోతాయి. చివరి చేతికే ఆ సెట్టింగు. ఫ్రాగ్‌ని, అంటే బ్లేడు ఆనుకునే వాలు దిమ్మని, కూడా కొంచెం వెనక్కి జరిపి నోరు వెడల్పుగా ఉంచాలి, లేకపోతే పొట్టు ఇరుక్కుంటుంది.

ఇక వానాకాలం సంగతి. మా షెడ్డు కొబ్బరితోటలో, కాలవ గట్టు పక్కన. ముసురు పట్టిందంటే గోడలు కూడా చెమరుస్తాయి. చిత్రిక ఒంటికి కొబ్బరినూనె పట్టించి పెట్టాను. ముసురు వెలిశాక తీసి చూస్తే పైనంతా నిగనిగలాడుతోంది. బల్ల మీద తోస్తే మాత్రం పొడుగూతా సన్నటి గీతలు ఉబ్బుగా మిగిలాయి. అంచు ఎక్కడో దెబ్బతిందని మర తిప్పి రేకు ఊడదీశాను. రేకు ముక్కు ఆనే చోట, బ్లేడు ఈ చివర నుంచి ఆ చివర దాకా గోధుమరంగు గీత. తుడిస్తే తుప్పు పోయింది, దాని కింద గుంటలు మిగిలాయి.

బ్లేడుకీ రేకుకీ మధ్య వెంట్రుకవాసి సందు. అందులోకి ఎక్కిన తేమ బయటికి పోయే దారి లేదు. బయట రాసిన నూనె అక్కడిదాకా చేరదు. అందరిలా రెండు మిల్లీమీటర్లు వెనక బిగిస్తే తుప్పు గీత కూడా అంత దూరంలోనే పడేది, ఎన్నోసార్లు నూరేదాకా దాని ఊసే ఉండేది కాదు. నేను అంచు పక్కనే బిగించాను కాబట్టి అది అంచు పక్కనే పడింది. ఒకసారి నూరగానే పదును గుంటల్లోకి వచ్చేసింది. ఏ సెట్టింగు వల్ల పనస లొంగిందో అదే బ్లేడుని తినేసింది. ఆ రోజు వచ్చిన చిరాకు ఇంతా అంతా కాదు.

నయమేమిటంటే నంబర్ 4కీ 5కీ బ్లేడు వెడల్పు ఒకటే, రెండు అంగుళాలు. స్టాన్లీ కంపెనీ 1869లో ఈ రకం చిత్రికని రూపొందించిన లియోనార్డ్ బెయిలీ పేటెంట్లు కొన్నాక ఈ చిత్రికల అసలు డిజైను పెద్దగా మారలేదు, ఒకే వెడల్పు ఉన్నవాటిలో ఒకదాని భాగం ఇంకోదానికి పట్టడం మామూలే. నా నంబర్ 4 బ్లేడు ఇందులో వేసి ఆపని కానిచ్చాను.

గుంటల బ్లేడుని గ్రైండరుకి ఇవ్వలేదు. వేడెక్కి నీలం రంగు తిరిగిందంటే గట్టిదనం పోతుంది. గరుకు సానరాయి మీద చేత్తోనే అంచుని వెనక్కి అరగదీశాను. మిగిలిన గుంటల కోసం రాయి పక్కన అరమిల్లీమీటరు మందం స్టీలు స్కేలు పెట్టి, దాని మీద బ్లేడు ఆనించి వెనకవైపు రుద్దాను. అలా చేస్తే అంచు కొస మాత్రమే నున్నబడుతుంది, మొత్తం వెనకభాగం చదును చెయ్యక్కర్లేదు. తరవాత రేకు మళ్లీ సందు లేకుండా ఆనుతోందో లేదో వెలుగుకి పట్టి చూసుకోవాలి. సందుంటే పొట్టు దూరి పని ఆగిపోతుంది.

ఇప్పుడు వానలు మొదలైన దగ్గర్నుంచీ సాయంత్రం పని కాగానే రేకు, బ్లేడు విడదీసి, తుడిచి, కుట్టుమిషను నూనె రాసి వేరువేరుగా కాగితంలో చుడతాను. కొబ్బరినూనె మానేశాను. పుష్యమాసం చలికి అది మరలో పేరుకుంటోంది, పాతబడితే కంపు కూడా. మా ఆవిడైతే "పిల్లాడికి కూడా ఇంత నూనె రాసిన పాపాన పోలేదు మీరు" అంటుంది. పొద్దున్న మళ్లీ రేకు బిగించడం ఓపికతో పని. బిగిస్తుంటే అది ముందుకి జరుగుతుంది, కాబట్టి సగం బిగించి సర్ది, అంచున సన్నటి తెల్లగీత కనిపించినప్పుడు పూర్తిగా బిగిస్తాను.

కొనాలా అంటే, నేను బడి అయ్యాక, సెలవుల్లో తీరిగ్గా చేసుకునేవాణ్ణి. నాకు సరిపోయింది. రోజుకూలి పనివాడికి ఈ విడదీతలు, బిగింపులు కుదరవు, మా మేస్త్రి కరెంటు చిత్రికే వాడికి నయం. రాజమండ్రి వైపు, కాలవకి దూరంగా, పొడిగా ఉండే గది ఉన్నవాళ్లకి నేను పడ్డ బాధలో సగం ఉండకపోవచ్చు.

పాత ఇనుము కొట్లో కనిపిస్తే ఒంటి మీద తుప్పు చూసి భయపడకండి, అది పోతుంది. వెనక పిడి బోల్టు లేని పీసు మాత్రం వద్దు. దాని మరకి అంగుళానికి 20 చుట్లు, లావు పావు అంగుళం కన్నా కాస్త తక్కువ, హార్డ్‌వేర్ షాపులో దొరకదు, లేతు మీద కోయించుకోవాలి. బేరం మొదలెట్టేముందు రేకు ఊడదీసి బ్లేడు వెనక చూపించమనండి. మర తిరగట్లేదంటే లోపల తుప్పు ఎంతుందో మీరే ఊహించుకుని ధర చెప్పండి.