ఆడ పిల్ల, ఈడ పిల్ల: ‘ది సెకండ్ సెక్స్’ ఏ ప్రతి కొనాలి, ఎట్లా చదవాలి

స్త్రీల స్థితి మీద ఫ్రెంచి తత్వవేత్త సిమోన్ ద బోవా రాసిన ‘ది సెకండ్ సెక్స్’ ఇంగ్లీషులో రెండు రకాలుగా దొరుకుతుంది. అట్ట మీద పేరు ఒకటే, లోపలి సరుకు మాత్రం వేరు. ఫ్రెంచి మూలం 1949లో రెండు సంపుటాలుగా వచ్చింది. దాన్ని హెచ్.ఎం. పార్ష్లీ 1953లో అనువదించాడు. తర్వాత కాన్‌స్టెన్స్ బోర్డ్, షీలా మలోవానీ షెవాలియే ఇద్దరూ కలిసి మొత్తం పుస్తకాన్ని మళ్లీ ఇంగ్లీషు చేశారు. అది 2009లో లండన్‌లో, మరుసటేడు అమెరికాలో అచ్చయింది. ఈ సమీక్ష రెండోదాని గురించి. నెల్లూరు ట్రంకురోడ్డులో అయినా ఒంగోలులో అయినా పుస్తకాల షాపుకి వెళ్తే ఎక్కువగా కనబడేవి గైడ్లూ టెస్టు పేపర్లే కాబట్టి, దీన్ని ఆన్‌లైన్లోనే తెప్పించుకోవాల్సి వస్తుంది. చూడకుండా కొంటాం గనక ఏది వస్తుందో ముందే తేల్చుకోవాలి.

గుర్తు పట్టడం తేలికే. విషయసూచికలో రెండో సంపుటం పేరు చూడండి. ‘లివ్డ్ ఎక్స్‌పీరియన్స్’ అని ఉంటే కొత్తది, ‘వుమన్స్ లైఫ్ టుడే’ అని ఉంటే పార్ష్లీది. సెకండ్‌హ్యాండ్ కాపీ గానీ జిరాక్సు గానీ చేతికొస్తే ముందు ఈ పేజీ తిప్పండి. కొత్త ప్రతి ఎనిమిది వందల పేజీల పైమాట. పేపర్‌బ్యాక్ అంత లావయ్యేసరికి మధ్యలో బలంగా విప్పితే వెన్ను చీలుతుంది. బల్ల మీద పెట్టి, మొదట నుంచీ చివర నుంచీ కాసిన్ని కాసిన్ని పేజీలు వేళ్లతో నొక్కుతూ మధ్యకి రండి. కొత్త నోటుపుస్తకానికి చేసే పనే.

పార్ష్లీ జంతుశాస్త్రం ప్రొఫెసరు. పుస్తకాన్ని కుదించమని ప్రచురణకర్త అడిగాడు, ఆయన కుదించాడు. ఏమేం పోయాయో తత్వశాస్త్ర పండితురాలు మార్గరెట్ సైమన్స్ 1983లో లెక్క తీసింది. చరిత్ర భాగంలో ఒక అధ్యాయం సగానికి సగం మాయం, 78 మంది స్త్రీల పేర్లు మాయం. నెల్లూరు చరిత్ర రాసి అందులోంచి స్వాతంత్ర్య సమరయోధురాలు పొణకా కనకమ్మ పేరు కొట్టేసినట్టు. పెళ్లయిన స్త్రీ గురించిన అధ్యాయానికీ బాగానే కత్తెర పడింది.

కత్తెర కన్నా మాటల మార్పు చేసిన హాని పెద్దది. ‘మనిషి ఉనికి’ అనే అర్థంలో బోవా వాడిన తాత్విక పదం పార్ష్లీ చేతిలో ‘మనిషి అసలు స్వభావం’ అయింది. ఆవిడ నమ్మిన తత్వం అస్తిత్వవాదం. అది మొత్తం నిలబడేదే మనిషికి ముందే పోతపోసిన అసలు స్వభావం లేదన్న మాట మీద. ఆ ఒక్క మాట తిరగబడితే పుస్తకం తనని తానే ఖండించుకుంటున్నట్టు కనిపిస్తుంది. పాత ప్రతి చదివి ‘ఈవిడ ఒకచోట ఒకటి, ఇంకోచోట ఇంకొకటి చెబుతోంది’ అనుకుంటే తప్పు చదివినవాళ్లది కాదు.

ఇక అసలు సరుకు. పుస్తకం నడుం ‘అదర్’ అనే భావన. తెలుగులో ‘అన్య’, ‘ఇతర’ అంటారు పండితులు. రెండూ సన్నగా ఉన్నాయి. జనం నోట్లో ఉన్న మాట ‘పరాయి’. ఆడపిల్ల పుట్టగానే ‘పరాయి సొత్తు’ అనే వాడుక మనకుంది. అంతకన్నా పదునైనది ఇంకొకటుంది: ‘ఆడపిల్ల ఆడ పిల్లే గానీ ఈడ పిల్ల కాదు’. ‘అక్కడ, ఇక్కడ’ అనకుండా ‘ఆడ, ఈడ’ అనే నెల్లూరు సీమలో ఈ శ్లేషకి వివరణ అక్కర్లేదు. పుట్టింట్లో ఆడ పిల్ల, అత్తింట్లో పరాయింటి పిల్ల. ఈడ అనిపించుకునే చోటు ఏదీ లేదు.

అయితే పరాయితనం ఒక్కటే బోవా వాదన కాదు. చాలామంది ఇక్కడే పుస్తకం మూసేసి ‘తెలిసిన సంగతే’ అంటారు. ప్రతి గుంపుకీ పరాయివాళ్లుంటారని ఆవిడే ఒప్పుకుంటుంది. మనం అవతలివాళ్లని అరవోళ్లంటాం. మద్రాసులో బస్సు దిగేసరికి మనం గొల్టీలమవుతాం. ఆ దెబ్బతో పరాయితనం ఇచ్చిపుచ్చుకునేదని తెలిసొస్తుంది, ఎవరి పొగరు వాళ్లకి దిగుతుంది. మరి మగా ఆడా మధ్య ఈ తిరుగుటపా ఎందుకు రాదు? అల్లుడు అత్తారింటికి వెళ్తే అతనూ పరాయివాడేగా? పీట వేస్తారు, అడిగి అడిగి వడ్డిస్తారు. కోడలు వెళ్తే వంటింటి దారి చూపిస్తారు. ఇద్దరూ గడప దాటారు, ఒక్కరే పరాయి అయ్యారు. బోవా పట్టుకున్నది ఈ ఒంటివైపు వాటాన్ని. మగవాడు ఒక పక్షమూ తానే, మధ్యస్థుడూ తానే. బస్సు నడిపేవాడు డ్రైవరు. నడిపేది ఆమె అయితే లేడీ డ్రైవరు. ‘జెంట్స్ డ్రైవరు’ అన్న మాట ఎవరి నోటా రాదు.

రెండో సంపుటం మొదటి వాక్యం లోకప్రసిద్ధం: ఎవరూ స్త్రీగా పుట్టరు, స్త్రీ అవుతారు. కొత్త అనువాదకులు ఇంగ్లీషులో ‘వుమన్’ ముందుండే ‘ఎ’ని తీసేశారు. దాని మీద పెద్ద రగడే జరిగింది. సాహిత్య విమర్శకురాలు టొరిల్ మోయి 2010లో రాసిన విమర్శలో ఇది తప్పని వాదించింది. తెలుగు పాఠకులకి ఆ గొడవ అంటదు, మనకి ‘ఎ’లు లేవు. మన చిక్కు క్రియ దగ్గర. ఈ వాక్యాన్నే ఏకవచనంలో పెట్టి చూడండి: ‘ఆమె స్త్రీగా పుట్టదు, స్త్రీ అవుతుంది’. పుట్టదు, అవుతుంది: దూడకీ మొక్కకీ బస్సుకీ వాడే క్రియలే. వాడు వచ్చాడు, ఆమె వచ్చింది, ఆవు వచ్చింది. చిన్నయసూరి బాలవ్యాకరణంలో స్త్రీలూ జంతువులూ జడపదార్థాలూ పోగా మిగిలినవి ‘మహత్తులు’, అంటే మగవాళ్లని చెప్పే మాటలు. తమిళానికి ఈ జబ్బు లేదు. వందాన్, వందాళ్, వందదు అని ఆమెకి విడిగా ఒక రూపం ఉంది. పక్కింటి భాషలో ఉన్నది మన దగ్గర లేదు.

బహువచనానికి వచ్చేసరికి తమాషా జరుగుతుంది. ఆవులు వచ్చాయి, కానీ ఆడవాళ్లు వచ్చారు. ఒక్కతిగా ఉన్నప్పుడు వస్తువుల వరసలో నిలబడ్డ మనిషి, పదిమందితో కలిసేసరికి మగవాళ్ల వరసలోకి వస్తుంది. బోవాకి తెలుగు రాదు. కానీ పీఠికలో ఆవిడ వేసే ప్రశ్న ఇదే: కార్మికులు ‘మేము’ అంటారు, నల్లవాళ్లు ‘మేము’ అంటారు, స్త్రీలు ఎందుకు అనరు? ఆవిడ జవాబు: స్త్రీలు మగవాళ్ల మధ్య, ఇంటికొకరుగా చెల్లాచెదరై ఉన్నారు; కూడే చోటు లేదు; మధ్యతరగతి స్త్రీ తన ఇంటి మగవాళ్ల పక్షాన ఉంటుంది గానీ కార్మిక స్త్రీ పక్షాన ఉండదు.

ఈ పేజీ దగ్గర నెల్లూరు జిల్లావాళ్లకి ఒక ఎదురు ఉదాహరణ సిద్ధంగా ఉంది. అక్షరాస్యత ఉద్యమంలో రాత్రి బడులు కూడే చోటునిచ్చాయి. దూబగుంటలో ఆడవాళ్లు సారా అమ్మకాన్ని అడ్డుకున్నారు. ఆ కథ ‘ఆడవాళ్లు ఏకమైతే’ అనే పాఠమై వాచకంలోకి ఎక్కింది. చదివిన ఊళ్లన్నీ కదిలాయి. 1992లో జిల్లా అట్టుడికింది, 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. పాఠం పేరులోనే బహువచనం ఉంది చూశారా. బోవా చెప్పిన అడ్డంకి నిజమైనదే, పలకా బలపమూ పట్టుకుని కూర్చునే చోటు ఒకటి దొరికితే అది కదులుతుంది కూడా. అయితే అదే పేజీకి రెండో ఉదాహరణ కారంచేడు, అప్పటి ప్రకాశం జిల్లా, 1985 జులై. మంచినీళ్ల చెరువు దగ్గర దళిత స్త్రీ ఎదురు నిలవడంతో మొదలైన గొడవ హత్యాకాండ అయింది. అక్కడ ‘మేము’ కులం గీత దగ్గరే ఆగింది.

పుస్తకం బలహీనతా అక్కడే. స్త్రీల స్థితిని నల్లవాళ్లతో, యూదులతో పోల్చుతూ పోయేటప్పుడు నల్లజాతి స్త్రీ ఏ పట్టీలో ఉందో ఆవిడ చెప్పదు. తత్వవేత్త ఎలిజబెత్ స్పెల్మన్ 1988లో దీన్ని గట్టిగానే పట్టుకుంది. ఇంటిపని అధ్యాయానిదీ ఇదే లోటు. అంట్లూ చీపురూ గ్రీకు పురాణంలోని సిసిఫస్ శిక్ష, కొండ మీదికి దొర్లించిన రాయి మళ్లీ కిందికి రావడమేనన్న వర్ణన అద్భుతం. కానీ ఆ ఇల్లాలు పారిస్ మధ్యతరగతి ఇల్లాలు. వరినాట్లకి వంగే మనిషికీ, ఒంగోలు వైపు పొగాకు గ్రేడింగుకి వెళ్లే మనిషికీ బయటిపని ఎప్పట్నుంచో ఉంది. రాయి రెండు కొండల మీదికి దొర్లించాలి. ఉద్యోగం వస్తే చాలు విముక్తి అని బోవా చెప్పిందనుకోవడం మాత్రం పొరపాటు. ఓటూ ఉద్యోగమూ వస్తే స్వేచ్ఛ వచ్చేసినట్టు కాదని ‘స్వతంత్ర స్త్రీ’ అధ్యాయం మొదట్లోనే ఉంది.

రెండు పదాల దగ్గర జాగ్రత్త. ‘ట్రాన్సెండెన్స్’ అనగానే మన చెవికి మోక్షం, అతీతం, పరమార్థం వినబడతాయి. ఇక్కడ దేవుడి ఊసు లేదు. ఉన్నచోటు నుంచి ఒక పని పెట్టుకుని ముందుకి సాగడం, అంతే. దానికి ఎదురు ‘ఇమ్మనెన్స్’, చేసిందే చేస్తూ ఉన్నచోటే గుండ్రంగా తిరగడం, గానుగెద్దులాగా. రెండోది ‘బ్యాడ్ ఫెయిత్’. దీన్ని చెడ్డ నమ్మకమనో నమ్మకద్రోహమనో అనువదిస్తే అర్థం చెడుతుంది. ఆత్మవంచన సరైన మాట. ‘నా చేతుల్లో ఏముంది’ అని తన స్వేచ్ఛని తానే దాచుకోవడం. సమాజం చేసింది, స్త్రీ అయింది అని సగమే చదివేవాళ్లు ఈ రెండో సగాన్ని వదిలేస్తారు. బోవా అత్తగారినీ వదలదు, కోడలినీ వదలదు.

కొత్త అనువాదంలో నచ్చనిది దాని నడక. ఫ్రెంచి వాక్యాలని సెమికోలన్లతో సహా అలాగే దించారు. అరపేజీ వాక్యంలో కర్త ఎక్కడో, క్రియ ఎక్కడో. పార్ష్లీ ఇంగ్లీషు హాయిగా సాగుతుంది, ఆ మాట ఒప్పుకోవాలి. పరీక్షకి అయిదు పేజీల నోట్సు చాలనుకునేవాళ్లకి ఇంత బరువు అనవసరం. వింటేజ్ అనే ప్రచురణ సంస్థ వాళ్లు ఇందులోంచి కొన్ని భాగాలు ఏరి చిన్న పుస్తకంగా వేశారు, అది సరిపోతుంది.

మొత్తం చదవాలనుకుంటే వరసగా వెళ్లకండి. పీఠిక దాటగానే జీవశాస్త్రం అధ్యాయం ఉంటుంది, పీతలూ సాలీళ్లూ గొల్లభామలూ. సగం మంది అక్కడే ఆగిపోతారు. పైగా అది 1940ల నాటి జీవశాస్త్రం. దాని చివరి రెండు పేజీలు చాలు: శరీరం తలరాత కాదు, మనం నిలబడి ఉన్న పరిస్థితి అన్న మాట అక్కడే ఉంది. పీఠిక రెండుసార్లు, వెంటనే రెండో సంపుటంలో బాల్యం, పెళ్లయిన స్త్రీ, తల్లి, ఆపైన స్వతంత్ర స్త్రీ. చరిత్ర ఆఖర్న. పురాగాథల భాగంలో అయిదుగురు రచయితల మీద విమర్శ ఉంది. లారెన్స్‌నో స్టెంధాల్‌నో చదివి ఉంటే తప్ప అది కొరకడం కష్టం. నలుగురు కలిసి వారానికి పాతిక పేజీలు పెట్టుకుంటే ఎనిమిది నెలల పని. ఒక్కరే అయితే పెన్సిలు దగ్గర పెట్టుకుని, ‘మేన్’ అన్న మాట వచ్చినచోటల్లా అది మగవాడా మనిషా అని అంచున గుర్తు పెట్టుకోండి. కొన్ని పేజీల్లో తేలదు. అక్కడ ప్రశ్నార్థకం పెట్టి ముందుకి పోవచ్చు.