గుంటూరు ఇంటికి పెట్టించిన అలారం, ఎనిమిది నెలల తర్వాత

అమ్మానాన్న ఉండే ఇంటికి సంక్రాంతికి ముందు ఒక ప్రైవేటు కంపెనీ అలారం పెట్టించాను. తలుపులకి మాగ్నెట్ సెన్సార్లు, హాల్లో కదలికని పట్టే పీఐఆర్ సెన్సార్, సైరన్, కరెంటు పోతే బ్యాటరీ, వైఫై పోతే సిమ్. సామాను మంచిదే, వంక పెట్టను.

ఇబ్బందంతా బిగించడంలో వచ్చింది. పీఐఆర్ మనిషిని చూసి గుర్తుపట్టేది కాదు, వేడిలో వచ్చే మార్పుని పట్టుకునేది. వచ్చినవాళ్లు దాన్ని పడమటి కిటికీకి ఎదురుగా పెట్టేసి వెళ్లిపోయారు, సాయంత్రం ఎండకి కర్టెన్ ఊగితే చాలు సైరన్ మోగేది, అసలే బీపీ ఉన్న అమ్మకి ఆ నెలంతా ఒకటే టెన్షన్. మూడుసార్లు ఫోన్ చేస్తే గానీ వచ్చి మూలకి మార్చలేదు. ఆ తర్వాత తప్పుడు అలారం ఒక్కటీ రాలేదు.

నాకు బాగా నచ్చింది వెరిఫికేషన్. ఒక్క సెన్సారే మోగితే కంపెనీవాళ్లు ముందు మనకి ఫోన్ చేసి పాస్‌వర్డ్ అడుగుతారు, తలుపు తర్వాత హాల్ సెన్సార్ కూడా మోగితే కెమెరా క్లిప్ చూసి 112కి చెబుతారు. మేం కావాలని తలుపు తీసి చూస్తే 40 సెకన్లలో కాల్ వచ్చింది.

ఊరెళ్లేటప్పుడు ఏపీ పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్ (లాక్డ్ హౌస్ మానిటరింగ్ సిస్టమ్, అంటే తాళం వేసిన ఇళ్ల మీద నిఘా) గురించి కూడా స్టేషన్‌లో అడగండి. అది ఉచితం. తాళం వేసిన ఇంట్లో వాళ్లే కెమెరా పెడతారు, లోపల కదలిక కనిపిస్తే అలర్ట్ నేరుగా కంట్రోల్ రూమ్‌కే వెళ్తుంది.

ప్రైవేటుది కొనేవాళ్లు మాత్రం బిగించే రోజు దగ్గరే ఉండండి, ప్రతి గదిలో నడిచి సెన్సార్ పట్టుకుంటోందో లేదో చూసే వాక్ టెస్ట్ చేయించుకున్నాకే డబ్బులివ్వండి.