పాదాల మంటలకు చైనా సూదులు: చాలాకాలం వాడాక నా మాట

షుగర్ వల్ల పాదాల్లో మంటలు, తిమ్మిర్లు ఉన్నవాళ్లకు ముందే చెప్పేస్తాను. నాకు చైనా వైద్యంతో, అంటే ఆక్యుపంక్చర్ సూదులతో, మంట బాగా తగ్గింది, మొద్దుబారడం మాత్రం దాదాపు అలాగే ఉంది. సూదులతో చచ్చిన నరాలు లేచి కూర్చుంటాయని ఎవరైనా అంటే నమ్మకండి.

నేనుండేది సింగపూర్‌లో. ఇక్కడ చైనా వైద్యులకు 2000లోనే ప్రత్యేక చట్టం వచ్చింది. వైద్యుల పేరు రిజిస్టర్‌లో ఉందో లేదో ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు. నేనూ చూసుకున్నాకే వెళ్లాను.

వైద్యురాలు రెండు మణికట్ల దగ్గరా మూడేసి వేళ్లు ఆనించి నాడి చూశారు, నాలుక చాపమన్నారు. అంచుల్లో పళ్ల అచ్చులున్నాయట, ‘చీ’ (వాళ్ల లెక్కలో ప్రాణశక్తి) తగ్గి రక్తం కాళ్లదాకా అందడం లేదట. మన వాతం లెక్కలాంటిదే కాబోలని తలూపాను.

సూదులు వెంట్రుకంత సన్నం. మోకాలి కింద బయటివైపు నాలుగు వేళ్ల దూరంలో ఒకటి, చీలమండ పైన లోపలివైపు ఒకటి పెద్దగా తెలియవు. కాలివేళ్ల సందుల్లో గుచ్చే నాలుగు మాత్రం చుర్రుమంటాయి. దిగాక సూదిని అటూ ఇటూ తిప్పుతారు. బరువుగా లాగుతున్నట్టు సలుపు మొదలైతేనే చెయ్యి తీస్తారు. నా బొటనవేలి పక్కన ఎంత తిప్పినా ఆ సలుపు రాలేదు, ఇప్పటికీ రాదు.

సూదులతోపాటు ఇచ్చిన మందు పేరు హువాంగ్‌చీ గుయ్‌జీ వూవూ టాంగ్. సుమారు 1800 ఏళ్ల కిందటి చైనా వైద్యుడు జాంగ్ జోంగ్‌జింగ్ చెప్పిన యోగం. దాల్చిన కొమ్మలు, అల్లం, రేగు జాతి ఎండుపళ్లు, మరో రెండు వేర్లు. పొడిని వేడినీళ్లలో కలిపి తాగాలి. కషాయమంటే చేదని భయపడ్డాను కానీ శొంఠి కాఫీలా దిగిపోతుంది.

మాచిపత్రి జాతి ఆకును చుట్టగా చుట్టి, కాల్చి సెగ చూపించే పద్ధతీ ఉంది. స్పర్శ లేని పాదానికి అది వద్దే వద్దు. కాలినా తెలియదు, షుగర్ పుండు ఓ పట్టాన మానదు. మా వైద్యురాలు తనంతట తానే పెట్టనన్నారు. ఆవిడ మీద నాకు గురి కుదిరింది అప్పుడే.

వేరే షాపులో నొప్పి మాత్రలు అంటగట్టబోయారు. ఏమేం దినుసులున్నాయంటే జవాబు లేదు. కొన్ని చైనా నొప్పి మందుల్లో వసనాభి జాతి విషపు దుంపలు వాడతారు, సరిగ్గా శుద్ధి చేయకపోయినా మోతాదు మించినా గుండె లయ తప్పుతుంది. 1990లలో బెల్జియంలో సన్నబడే మందుల్లో అరిస్టోలోకియా మూలిక కలిసి ఎంతోమంది కిడ్నీలు పాడయ్యాయి. పేరు లేని మాత్రలు ఉచితంగా ఇచ్చినా తీసుకోను.

ఈలోగా పాలీక్లినిక్ (ఇక్కడి ప్రభుత్వ క్లినిక్) డాక్టర్ విటమిన్ బి12 పరీక్ష రాశారు. షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బి12 పడిపోవచ్చు, దానివల్ల కూడా తిమ్మిర్లు వస్తాయి. నాకు తక్కువే ఉందని తేలి మాత్రలు మొదలయ్యాయి. కాబట్టి ఘనతంతా సూదులకే ఇవ్వలేను. అయితే విజయవాడ వెళ్లి చాలారోజులు ఉండిపోయినప్పుడు, బి12 వేసుకుంటూనే ఉన్నా రాత్రి మంటలు మళ్లీ మొదలయ్యాయి. దుప్పటి తగిలితే పాదాలు మండిపోయేవి. తిరిగొచ్చి సూదులు వేయించుకున్నాక నిద్ర పట్టింది.

ఇప్పుడు పొడి మానేశాను, అది తాగినందువల్ల తేడా ఏమీ కనిపించలేదు. సూదులు మాత్రం నెలకోసారి. ఖర్చు నా జేబులోంచే, ఇన్సూరెన్స్ వాళ్లు పైసా ఇవ్వరు. షుగర్ మాత్రలు, రాత్రి పడుకునేముందు అద్దం పెట్టుకుని అరికాళ్లు చూసుకోవడం యథాప్రకారం.